వైఫై డ్రైవర్‌లో క్యూలు: అపోహలు - వాస్తవాలు

కడపలో ఉంటూ వైఫై రౌటర్లకు లినక్స్ డ్రైవర్లు రాయడం నా పని. ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలతో మాట్లాడినప్పుడల్లా ట్రాన్స్‌మిట్ క్యూల (పంపాల్సిన డేటా ముక్కలు, అంటే ప్యాకెట్లు, వరుసలో వేచి ఉండే చోటు) గురించి ఇవే నమ్మకాలు వినిపిస్తుంటాయి.

అపోహ: క్యూ ఎంత పెద్దదైతే అంత మంచిది, ప్యాకెట్లు పోవు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. 1500 బైట్ల ప్యాకెట్లు 1000 ఉన్నాయనుకోండి. మొత్తం 1.2 కోట్ల బిట్లు. రౌటర్ పక్కనున్న ఫోన్‌కు 300 ఎంబీపీఎస్‌లో అవి 40 మిల్లీసెకన్లలో వెళ్లిపోతాయి. రెండు రాతిగోడల అవతల, వెనక గదిలో రేటు 6 ఎంబీపీఎస్‌కు పడిపోతే అదే క్యూకు 2 సెకన్లు పడుతుంది. కువైట్ నుంచి కొడుకు చేసిన వీడియో కాల్ ఆ క్యూ వెనక చేరితే, అమ్మకు మాట 2 సెకన్లు ఆగి వినిపిస్తుంది. పైగా నెట్‌లో డేటాను భద్రంగా చేరవేసే టీసీపీ, మామూలుగా ప్యాకెట్ పోయినప్పుడే వేగం తగ్గిస్తుంది. పెద్ద క్యూ ఆ కబురును కూడా ఆలస్యం చేస్తుంది.

కాబట్టి క్యూను ప్యాకెట్ల లెక్కన కాదు, సమయం లెక్కన కొలవాలి. 2012లో క్యాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ ఇచ్చిన కోడెల్ పద్ధతి చేసేది అదే. ప్యాకెట్లు 5 మిల్లీసెకన్లకు మించి వేచి ఉండడం 100 మిల్లీసెకన్ల పాటు సాగితే ప్యాకెట్లను వదిలేయడం మొదలుపెడుతుంది. లినక్స్‌లో వైఫై డ్రైవర్లన్నిటికీ ఉమ్మడి పనులు చూసే మ్యాక్80211 భాగంలో, హార్డ్‌వేర్‌కు ఎంత ఎయిర్‌టైమ్‌కు (గాలిలో పంపడానికి పట్టే సమయానికి) సరిపడా ప్యాకెట్లు ఇవ్వాలో హద్దు పెట్టే ఏర్పాటు కూడా ఉంది. మీ డ్రైవర్ దాన్ని వాడుకునేలా రాయండి.

అపోహ: రింగ్ (డ్రైవర్ హార్డ్‌వేర్‌కు ప్యాకెట్లు అందించే పరిమిత జాబితా) నిండాక క్యూ ఆపితే చాలు, ఖాళీ అయితే అదే లేస్తుంది.

వాస్తవం: నిండకముందే, ఒక పెద్ద ప్యాకెట్‌కు చోటు మిగిలి ఉండగానే ఆపాలి. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. రింగ్ నిండిందని చూసి క్యూ ఆపేలోపు, ప్రాసెసర్‌లోని మరో కోర్‌లో కంప్లీషన్ ఇంటరప్ట్ (ప్యాకెట్లు పంపడం అయిందని హార్డ్‌వేర్ ఇచ్చే సంకేతం) వచ్చి రింగ్ మొత్తం ఖాళీ చేసి పోవచ్చు. అప్పటికి క్యూ ఆగలేదు కాబట్టి అది దేన్నీ లేపదు. తర్వాత మనం ఆపుతాం, ఇక లేపే దిక్కుండదు. సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం కదలదు. ఆపాక మెమరీ బ్యారియర్ (కోర్లకు మెమరీ మార్పులు సరైన వరుసలో కనిపించేలా చేసే ఆదేశం) పెట్టి, చోటు ఉందేమో ఇంకోసారి చూసి, ఉంటే క్యూను మనమే లేపి తీరాలి.

ఇంకోటి: మ్యాక్80211లో క్యూ ఆగడానికి కారణాలు విడివిడిగా నమోదవుతాయి. డ్రైవర్ లేపినా వేరే కారణం మిగిలి ఉంటే క్యూ లేవదు.

అపోహ: వైఫైలో ప్రాధాన్యాన్ని బట్టి నాలుగు క్యూలు ఉన్నాయి కాబట్టి కాల్‌కు ప్రాధాన్యం దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. ప్యాకెట్ మీద గుర్తు లేకపోతే అది మామూలు క్యూలోకే వెళ్తుంది.

అపోహ: స్పీడ్ టెస్ట్‌లో అంకె బాగుంటే డ్రైవర్ బాగున్నట్టే.

వాస్తవం: వెనక గదిలో ఒక ఫోన్‌లో పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టి, అదే సమయంలో రౌటర్ నుంచి ఆ ఫోన్‌కు పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం చూపే పరీక్ష) నడపండి. పింగ్ వందల మిల్లీసెకన్లకు ఎగబాకితే ముందు క్యూలనే అనుమానించండి.