ఆవు ఈనితే రక్తం పోదు, మనిషికెందుకు పోతుంది?

కొండపి దగ్గర ఒంగోలు జాతి ఆవుల్ని మేపే ఒక రైతు అడిగాడు: "సార్, మా ఆవు ఈనితే పెద్దగా రక్తం కనపడదు. దూడ పడుద్ది, కాసేపటికి మాయ వేసుద్ది, లేచి మేత కాడికి పోద్ది. మా కోడలికి కాన్పయితే రెండు బాటిళ్ళు ఎక్కించారు. మనిషికెందుకు ఇట్టా?"

ఈ ప్రశ్న పునరుత్పత్తి ఆరోగ్యం కిందికే వస్తుంది. ఆ మాటకు 1994లో కైరోలో 179 దేశాలు కూర్చుని రాసుకున్న నిర్వచనం ఒకటుంది. ముఖ్యమైనదే, కానీ చదువుతుంటే కునుకొస్తుంది. ఈ రైతు ప్రశ్న పట్టుకుని నడిస్తే అసలు సంగతి దగ్గరికి తొందరగా చేరతాం.

ముందు ఆవు. దాని గర్భసంచి లోపలి గోడ మీద దాదాపు 70 నుంచి 120 దాకా బొడిపెలుంటాయి. దూడ వైపు నుంచి వచ్చిన మాయ ఆ బొడిపెల మీద వేళ్ళల్లో వేళ్ళు దూర్చినట్టు కూర్చుంటుంది. తల్లి రక్తం తల్లి నాళాల్లోనే, దూడ రక్తం దూడ నాళాల్లోనే ఉంటాయి. ఆక్సిజన్, పోషకాలు మధ్యలోని పొరలు దాటుకుని వెళ్ళాలి. ఈనిన తర్వాత ఆ వేళ్ళు వదులై జారిపోతాయి, మాయ ఊడొస్తుంది. తల్లి నాళం తెగదు, అందుకే రక్తం లేదు. బ్రెజిల్‌లో నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలుచుకునే మన పశువుల సంతతి అక్కడా ఇలాగే ఈనుతుంది.

మనిషి కథ వేరు. పిండం వైపు నుంచి ట్రోఫోబ్లాస్ట్ అనే కణాలు బయల్దేరి గర్భసంచి గోడలోకి తొలుచుకుంటూ పోతాయి. అక్కడ మెలికలు తిరిగిన సన్న ధమనులు వంద దాకా ఉంటాయి, వాటిని సర్పిల ధమనులంటారు. ఈ కణాలు వాటి గోడల్లో ఉన్న కండరాన్ని తీసేసి తాము సర్దుకుంటాయి. దాంతో సన్నని గొట్టం కాస్తా వెడల్పయి, ముడుచుకోలేని గొట్టంగా మారిపోతుంది. తల్లి శరీరం ఇక అక్కడ రక్తాన్ని తగ్గించాలనుకున్నా తగ్గించలేదు. ఈ పని సరిగ్గా జరగని గర్భాల్లోనే బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా కనిపిస్తుంది. బిడ్డ మాయ నేరుగా తల్లి రక్తంలోనే మునిగి ఉంటుందన్నమాట.

ఇప్పుడు లెక్క చూడండి. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. తల్లి ఒంట్లో మొత్తం ఉండేది ఐదారు లీటర్లు. మాయ ఊడిన క్షణాన ఆ గొట్టాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. మామూలుగా మన వేలు తెగితే నాళం తనంతట తాను ముడుచుకుంటుంది, కానీ ఇక్కడ ముడుచుకునే కండరాన్ని ఆ కణాలు ఎప్పుడో తీసేశాయి కదా! పట్టుమని పది నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు.

మరి రోజూ ఇన్ని లక్షల మంది కాన్పు తర్వాత బతికి బాగుంటున్నారంటే, ఆ పని చేసేది గర్భసంచి కండరం. దాని నార నాలుగు వైపులా అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది, రక్తనాళాలు ఆ అల్లిక సందుల్లోంచి దూరి వెళ్తాయి. మన తీరంలో జాలర్లు విసిరే వల తీసుకోండి. వల వదులుగా పరిచి ఉన్నప్పుడు కళ్ళు తెరుచుకుని ఉంటాయి, ప్రతి కంట్లోంచీ ఒక మెత్తని రబ్బరు గొట్టం దూర్చామనుకుందాం. ఇప్పుడు వలను పట్టి బిగలాగితే కళ్ళు మూసుకుపోతాయి, గొట్టాలన్నీ ఒక్కసారే నొక్కుకుపోతాయి. వలను మనం లాగి బిగిస్తాం, గర్భసంచి తనంతట తాను కుంచించుకుని బిగుస్తుంది, అంతే తేడా. వలలో ఒక మూల వదులుగా ఉండిపోతే అక్కడి గొట్టాలు పారుతూనే ఉంటాయి, మాయ ముక్క లోపల మిగిలిపోతే జరిగేది అదే. కవల పిల్లలతో బాగా సాగిన వల, గంటల తరబడి నొప్పులు పడి అలిసిన వల, వరస కాన్పులతో పట్టు తప్పిన వల, ఇవి సరిగ్గా బిగియవు. కాన్పు తర్వాతి రక్తస్రావాల్లో దాదాపు 70 శాతం ఇలా బిగియకపోవడం వల్లే. నర్సమ్మ పొట్ట మీద చెయ్యేసి గట్టిగా రుద్దితే విసుక్కుంటారు గానీ, ఆమె చేసేది వల బిగించడమే.

బిగించే రసాయనం ఆక్సిటోసిన్. దీన్ని ప్రయోగశాలలో తయారుచేసినది విన్సెంట్ డు విగ్నో, 1953లో. 1955లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. బిడ్డ పుట్టిన నిమిషంలోపే తల్లికి 10 యూనిట్ల సూది వేయాలన్నది నియమం. బిడ్డ రొమ్ము పట్టినా ఒంట్లో అదే పుడుతుంది. పశువులవాళ్ళకు ఈ మందు కొత్త కాదు, గేదె చేపడానికి దొంగచాటుగా వేసే సూది ఇదే. ఆ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్రం దీని తయారీని ఒక్క ప్రభుత్వ కంపెనీకే పరిమితం చేయబోతే, తల్లుల ప్రాణాల సంగతేమిటని ఢిల్లీ హైకోర్టు ఆ డిసెంబరులో కొట్టేసింది.

దీనితో ఇంకో చిక్కుంది. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ, పైగా కరెంటు కోత, ఫ్రిజ్ ఆగిపోయిన మారుమూల పీహెచ్‌సీ. సూది వేశామనే అనుకుంటారు, మందులో సత్తువ తగ్గిపోయి ఉంటుంది. వేడికి తట్టుకునే కార్బెటోసిన్‌ను పది దేశాల్లో 30,000 మంది దాకా తల్లుల మీద పరీక్షించి, 500 మిల్లీలీటర్లు దాటే రక్తస్రావాన్ని ఆపడంలో ఆక్సిటోసిన్‌కు తీసిపోదని 2018లో తేల్చారు.

మా వైపు ఆవు మాయను గోనెలో కట్టి మర్రిచెట్టుకు వేలాడదీస్తారు, పాలు బాగా ఇస్తుందట. కట్టుకోనివ్వండి, ఎవరికీ నష్టం లేదు. కానీ బాలింతకు పాత గుడ్డలన్నీ తడిసిపోతున్నా "చెడు రక్తంలే, పోతే మంచిదే" అనే పెద్దమ్మల మాట మాత్రం ప్రాణం తీస్తుంది. ఆవు జున్ను కోసం పక్కింటికి గిన్నె పంపి, తల్లి ముర్రుపాలు మాత్రం పిండి పారబోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అది బిడ్డకూ నష్టమే, వల బిగియడానికీ నష్టమే. బడిలో పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటేస్తే ఇవన్నీ ఎవరు చెప్తారు?

2023లో ప్రపంచంలో గర్భం, కాన్పు కారణాలతో చనిపోయిన తల్లులు దాదాపు 2,60,000 మంది, అంటే రెండు నిమిషాలకొకరు. మన దేశంలో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు లెక్కేస్తే 2001–03లో 301 ఉన్న మరణాలు 2018–20 నాటికి 97కి దిగాయి, ఆంధ్రప్రదేశ్‌లో 45కి. బాగుంది. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత తేలింది. పోయిన రక్తం అంతే అయినా, ముందే ఒంట్లో రక్తం తక్కువున్న మనిషి తట్టుకోలేదు. ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలు మలం నల్లగా వస్తోందని పెరట్లో పారేసే వాళ్ళకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి. కాన్పుకీ కాన్పుకీ ఎడం కూడా ఇందుకే కావాలి.

ఆ రైతు మళ్ళీ అడిగాడు, ఎంత పోతే ప్రమాదం అని. 500 మిల్లీలీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. పక్క మీద, గుడ్డల్లో పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే డాక్టర్లు కూడా తక్కువే చెప్తారు. అందుకే కాన్పు బల్ల మీద తల్లి కింద గీతలు కొట్టిన ప్లాస్టిక్ సంచి వేసి, గీత చేరగానే రుద్దడం, ఆక్సిటోసిన్, రక్తం గడ్డకట్టించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టే పద్ధతిని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో ప్రయత్నించారు. 2023లో ఫలితాలొచ్చాయి. తీవ్రమైన రక్తస్రావం, దాని వల్ల ఆపరేషన్, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి.