ఊపిరి విడవడంలో పొట్ట పని

ఊపిరి పీల్చాలంటే కండరం బిగుసుకోవాలి. విడవాలంటే, ఊరికే కూర్చున్నప్పుడు, ఆ బిగువు సడలితే చాలు. ఛాతీకీ పొట్టకూ నడుమ ఉన్న ఉదరవితానం కిందికి దిగినప్పుడు సాగిన ఊపిరితిత్తులు, అది సడలగానే తమంతట తామే ముడుచుకుని దాదాపు 500 మిల్లీలీటర్ల గాలిని బయటికి పంపుతాయి.

అంతటితో అవి ఖాళీ కావు. పెద్దవారు ఆ తర్వాత కూడా లీటరు దాకా గాలిని బలవంతంగా వెళ్లగొట్టగలరు. ఎంత ప్రయత్నించినా రాని గాలి మరో లీటరుకు పైగా లోపలే ఉంటుంది. ఊదుగొట్టంతో పొయ్యి ఊదేవారికైనా, సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో ‘ఓ లింగా’ అని గొంతెత్తేవారికైనా, ఊపిరి చివరిదాకా లాగాలంటే ఆ బలవంతపు వాటాయే దిక్కు. దాన్ని కదిలించే ముఖ్యమైన కండరాలు ఛాతీలో కాదు, పొట్ట గోడలో ఉన్నాయి.

పొట్టకు రెండు పక్కలా మూడేసి పొరలుంటాయి. పై పొర పోగులు పక్కటెముకల నుంచి ముందుకు, కిందికి ఏటవాలుగా దిగుతాయి. దాని కింది పొరవి అందుకు అడ్డంగా పైకి నడుస్తాయి. అన్నిటికన్నా లోపలిది గొల్లలు నడుముకు బిగించే దట్టీలా పొట్టను అడ్డంగా చుట్టి ఉంటుంది. ఈ పొరలు బిగిసినప్పుడు కింది పక్కటెముకలు దిగుతాయి, పేగులూ కాలేయమూ పైకి నెట్టబడి ఉదరవితానాన్ని ఛాతీలోకి తోస్తాయి. శ్వాస బరువెక్కినప్పుడు సాధారణంగా ముందుగా పనిలోకి దిగేది లోపలి అడ్డపొరే. వ్యాయామశాలల్లో యువకులు మురిసిపోయే నడిమి నిలువు కండరానికి ఈ పనిలో అంత పెద్దపీట లేదని నా అభిప్రాయం.

పక్కటెముకల సందుల్లోని కండరాల్లో బయటివి ఎముకలను లేపుతాయి, లోపలివి దించుతాయి. రొమ్ము ఎముక పక్కనున్న లోపలి భాగం మాత్రం పీల్చడానికే తోడ్పడుతుంది. 18వ శతాబ్దంలో హాంబెర్గర్, హాలర్ అనే జర్మన్, స్విస్ పండితులు ఈ కండరాల పని గురించే తీవ్రంగా వాదించుకున్నారు.

పొట్ట కండరాల అసలు విలువ దగ్గులో తెలుస్తుంది. గొంతులోని స్వరద్వారం క్షణంలో కొంతసేపు మూసుకోగా, పొట్ట బిగిసి ఛాతీలో ఒత్తిడిని 100 మిల్లీమీటర్ల పాదరసానికి, ఒక్కోసారి అంతకు మించి పెంచుతుంది; ద్వారం తెరుచుకోగానే గాలి కఫాన్ని తోసుకుంటూ వెలువడుతుంది. ఉదరవితానానికి ఆజ్ఞలు మెడలోని 3, 4, 5 నాడుల ద్వారా వస్తే, పొట్ట కండరాలకు వీపు భాగంలోని 7 నుంచి 12 నాడులు, నడుములోని మొదటి నాడి ద్వారా వస్తాయి. అందుకే నల్లగొండ పల్లెల్లో తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుడికి మెడ కింది భాగంలో వెన్నుపాము దెబ్బతింటే, అతడు గాలి పీల్చగలడు గాని గట్టిగా దగ్గలేడు. కఫం నిలిచి న్యుమోనియాకు దారితీయకుండా, అతడు దగ్గబోయే అదనులోనే పక్కనున్నవారు పక్కటెముకల కింద అరచేతులు ఆనించి లోపలికి, పైకి నొక్కే పద్ధతిని ఫిజియోథెరపిస్టులు ఇంటివారికి నేర్పుతారు.