డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) సైన్ కాకపోతే బ్రౌజర్‌దే తప్పా? కొన్ని అపోహలు, వాస్తవాలు

జీఎస్టీ రిటర్న్ గడువు పదకొండో తేదీ దగ్గరపడితే చాలు, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల నుంచి నెల్లూరు రొయ్యల మేత ఏజెన్సీల దాకా ఇదే గోల. "అన్నా, సైన్ కొడితే ఎర్రర్ వస్తా ఉండాది. ఈ సిస్టమ్‌లో ఇంక కాదంట, కొత్తది కొనాలంట." ఆ 'అంట' ఎవరిదో చెప్పరు. లేట్ ఫీజు భయంలో ఉన్న మనిషిని ఏమీ అనలేం గానీ, ఈ పుకారు పుట్టించినవాళ్లను మాత్రం అనాలి.

అపోహ: సైన్ కాలేదంటే బ్రౌజరో కంప్యూటరో మార్చాల్సిందే.

వాస్తవం: టోకెన్‌తో, అంటే మీ డీఎస్‌సీ ఉండే యూఎస్‌బీ పరికరంతో, బ్రౌజర్ నేరుగా మాట్లాడదు. ఒకప్పుడు జావా ఆప్లెట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ప్లగిన్‌గా పెట్టుకుని మాట్లాడేది. ఆ ప్లగిన్ల దారిని క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో మూసేశాయి. ఇప్పుడు జీఎస్టీ పోర్టల్‌కు, టోకెన్‌కు మధ్య ఈమ్‌సైనర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది మీ కంప్యూటర్‌లోనే 1585 పోర్టు (కనెక్షన్ ద్వారం) మీద నడుస్తుంది. "ఫెయిల్డ్ టు ఎస్టాబ్లిష్ కనెక్షన్" అని వచ్చిందంటే పేజీకి ఈమ్‌సైనర్ అందలేదన్నమాట.

ముందు టోకెన్ డ్రైవర్ తెరిచి సర్టిఫికెట్ కనబడుతోందా, గడువు ఉందా చూడండి. కనబడకపోతే డ్రైవర్ మళ్లీ వేయాలి, బ్రౌజర్ జోలికే పోనక్కర్లేదు. కనబడితే ఈమ్‌సైనర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఇవ్వండి. తర్వాత అడ్రస్ బార్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి 127.0.0.1:1585 కొట్టండి. వార్నింగ్ వస్తుంది, అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ అవ్వండి. 127.0.0.1 అంటే మీ సొంత కంప్యూటరే కాబట్టి ఇక్కడ ఫర్వాలేదు. బ్యాంకు సైటులో ఇదే వార్నింగ్ వస్తే మాత్రం అక్కడే ఆగిపోండి. ఆ తర్వాత పోర్టల్ నుంచి లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి సైన్ చేయండి.

'ఫైర్‌ఫాక్స్‌లో రాదు' అనే మాట కూడా ఇక్కడే పుట్టింది. క్రోమ్‌లో ఆ వార్నింగ్‌ను మీరు ఒప్పుకున్నది ఫైర్‌ఫాక్స్‌కు చెల్లదు, అందులో విడిగా ఒప్పుకోవాలి. ఇంకా రాకపోతే యాంటీవైరస్ ఆ పోర్టును అడ్డుకుంటోందేమో చూడండి. డీఎస్‌సీ రెన్యువల్ చేయించి, కొత్తదాన్ని పోర్టల్‌లో రిజిస్టర్ చేయడం మరిచిపోయేవాళ్లూ ఎక్కువే. టోకెన్ గుచ్చి ఉండగా తెలియనివాళ్లకు మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే రిమోట్ యాక్సెస్ ఇవ్వొద్దు.

అన్నట్టు, మీది ప్రొప్రైటర్‌షిప్ అయితే ఈ తంటా అంతా ఎందుకు? ఈవీసీ (ఎలక్ట్రానిక్ వెరిఫికేషన్ కోడ్), అంటే ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ఫైల్ చేసేయొచ్చు. డీఎస్‌సీ తప్పనిసరి కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకు.

అపోహ: పాత సైట్ల కోసం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఎక్కడినుంచైనా దింపుకోవాలి.

వాస్తవం: బయట సైట్లలో దొరికే 'ఫుల్ సెటప్'లతో వైరస్ దిగొచ్చు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ) 11ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఆపేసింది. పాత సైట్లను ఐఈలా తెరిచే 'ఐఈ మోడ్' మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లోనే ఉంది. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్‌కు వెళ్లి, ఐఈ మోడ్‌లో రీలోడ్‌కు 'అలౌ' పెట్టి రీస్టార్ట్ చేయండి. పేజీ అడ్రస్ అక్కడే యాడ్ చేయాలి. అది 30 రోజులకు ఎక్స్‌పైర్ అవుతుంది, మళ్లీ యాడ్ చేసుకోవాలి. నెలకోసారి 'మళ్లీ పాడైంది' అనుకునేది ఇదే.

పాత సైట్లకు ఐఈయే కావాలనే ఈ రోగానికి మూలం గుత్తాధిపత్యం. విండోస్‌తో పాటే ఐఈ వచ్చేది కాబట్టి, సైట్లు కట్టేవాళ్లు ఐఈలో మాత్రమే నడిచే యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్లు వాడేశారు. ఐఈని విండోస్‌కు కట్టిపడేయడం మీద అమెరికా ప్రభుత్వం 1998లో మైక్రోసాఫ్ట్‌పై కేసు వేసింది. అదే ఏడాది ఐఈకి పోటీ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ తన కోడ్‌ను అందరికీ తెరిచింది (దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు). ఆ కంపెనీ పోయినా కోడ్ బతికి, 2004లో ఫైర్‌ఫాక్స్ 1.0 అయింది.

అపోహ: ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా వైరస్ కలిపేయొచ్చు.

వాస్తవం: చూడటం అందరికీ, కలపడం కొందరికే. ప్రతి మార్పునూ ఆ ప్రాజెక్టువాళ్లు చూసి ఒప్పుకుంటేనే అసలు కోడ్‌లోకి వెళ్తుంది. ప్రమాదం వేరే సైట్లలో దొరికే కాపీలతో.

అపోహ: క్రోమ్‌లో రాకపోతే ఎడ్జ్‌లో చూస్తే తేలిపోతుంది.

వాస్తవం: తేలదు. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా అన్నీ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం కోడ్ మీదే కట్టినవి. వేరే ఇంజిన్‌తో పరీక్షించాలంటే ఫైర్‌ఫాక్స్ ఉండాలి. దాన్ని నడిపే మొజిల్లాకు ఆదాయంలో పెద్ద వాటా గూగుల్ నుంచే వస్తుంది, అది వేరే తలనొప్పి.

అపోహ: కోర్టు గూగుల్ చేత క్రోమ్‌ను అమ్మించేసింది.

వాస్తవం: లేదు. సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా తేల్చారు. 2025 సెప్టెంబరులో ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలు వద్దన్నారు గానీ, క్రోమ్‌ను అమ్మమనలేదు. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఫోన్‌లో క్రోమ్ ముందే ఉన్నా డిఫాల్ట్‌గా అదే ఉండనక్కర్లేదు: సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్, అందులో బ్రౌజర్ యాప్.