ఈక్వెడార్ కొండలు పక్షులకు ఎందుకంత ఎత్తు

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ వెళ్ళే యాత్రికుల్లో చాలామంది రాజధాని క్విటో విమానాశ్రయంలో దిగి, మర్నాడే గలాపగోస్ విమానం ఎక్కేస్తారు. 1835 సెప్టెంబరులో డార్విన్ అడుగుపెట్టిన దీవులు కదా, ఆ ఆకర్షణ అలాంటిది. నన్నడిగితే మాత్రం, ఆ దేశం ఎంత అరుదైనదో తెలియాలంటే దీవులకంటే ముందు క్విటో నుంచి తూర్పుకు పోయే బస్సెక్కాలి. ఆండీస్ పర్వతాల్లోని పాపల్యాక్తా కనుమ దాటి, బయేసా మీదుగా తేనా ఊరికి దిగే దారి అది. రెండు వందల కిలోమీటర్ల లోపే. పగటిపూట, కిటికీ పక్కన కూర్చుని చేయాల్సిన ప్రయాణం.

క్విటో నగరమే 2,850 మీటర్ల ఎత్తున ఉంటుంది. బస్సు అక్కణ్ణుంచి ఇంకా ఎక్కి, కనుమ దగ్గర 4,000 మీటర్లు దాటుతుంది. చెట్లు ఎప్పుడో వెనకబడిపోయి ఉంటాయి. ఎటు చూసినా పసుపు పచ్చని గడ్డి, తడి నేల, చలిగాలి, సన్నటి తుంపర. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు కాబట్టి కొత్తవాళ్ళకు తల బరువెక్కుతుంది. మబ్బు విడిస్తే దక్షిణాన అంతిసానా అగ్నిపర్వతం మంచుతో మెరుస్తూ కనిపిస్తుంది. భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో మంచు!

కనుమ దాటగానే దిగుడు మొదలవుతుంది. మొదట వంకర టింకర కొమ్మల పాలిలెపిస్ చెట్లు వస్తాయి. వాటి ఎర్రటి బెరడు కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంటుంది. ఇంకాస్త దిగితే మబ్బుల అడవి. అక్కడ కొమ్మ కనపడదు, కొమ్మను కప్పిన నాచు, నాచులో పాతుకున్న ఆర్కిడ్‌లే కనపడతాయి. ఆ చిన్న దేశంలో 4,000కు పైగా ఆర్కిడ్ జాతులున్నాయి. బయేసా దాటాక చెట్టంత ఎత్తు ఫెర్న్ మొక్కలు, ఆ తర్వాత ఉక్కపోత, ఉన్ని దుస్తులన్నీ సంచిలోకి. తేనా చేరేసరికి ఎత్తు దాదాపు 500 మీటర్లే. అక్కడి వాగులన్నీ నాపో నదిలో కలుస్తాయి. నాపో పోయి అమెజాన్‌లో కలుస్తుంది.

ఈక్వెడార్ విస్తీర్ణం సుమారుగా మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే వచ్చేంత. ఆ కాస్త నేల మీద 1,600కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. భారతదేశం దానికి పన్నెండు రెట్లు పెద్దది. ఎడారి నుంచి హిమాలయం దాకా అన్నీ ఉన్నా, మన లెక్క 1,300 పైచిలుకు దగ్గరే ఆగుతుంది.

ఎత్తు పెరిగేకొద్దీ చల్లబడుతుంది, వాతావరణాలు ఎక్కువైతే జీవజాతులూ ఎక్కువవుతాయి అనేది అందరూ చెప్పే జవాబు. విశాఖ నుంచి అరకు ఘాటెక్కినవాళ్ళకు ఆ చల్లదనం అనుభవమే. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. నిజమే, కానీ ఈ జవాబు సగమే. హిమాలయాలు ఇంకా ఎత్తైనవి. అడుగున తెరాయి అడవులు, పైన శాశ్వత మంచు. ఎత్తు ఒక్కటే కారణమైతే హిమాలయాలదే పైచేయి కావాలి.

మిగతా సగాన్ని 1967లో డేనియల్ జాన్‌జెన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసంలో చెప్పాడు. ఉష్ణమండలంలో కొండ కనుమలు ఇంకా ఎత్తుగా ఉంటాయన్నాడు. మీటర్లలో కొలిచే ఎత్తు గురించి కాదు ఆ మాట, దాటబోయే జీవికి ఎదురయ్యే ఎత్తు గురించి.

హిమాలయంలో ఏం జరుగుతుందో చూడండి. వేసవిలో కొండ పైభాగం వెచ్చబడుతుంది, చలికాలంలో లోయ చల్లబడుతుంది. అంటే వేసవిలో పైన ఉండే వేడి, చలికాలంలో కింద ఉండే వేడి దాదాపు ఒకటే. లోయలో పుట్టిన జీవికి పైనున్న చలి కొత్త కాదు, ఏటా కొన్ని నెలలు ఇంటి దగ్గరే రుచి చూస్తుంది. అందుకే పైన గూడు పెట్టే పక్షులెన్నో చలికాలం రాగానే కిందికి దిగివస్తాయి, ఎండలు ముదిరితే తిరిగి ఎక్కుతాయి. వాటి ఒంటికి రెండు లోకాలూ అలవాటే.

క్విటోలో ఆ రాకపోకలకు ఆధారమే లేదు. అక్కడ నెలసరి సగటు ఉష్ణోగ్రత ఏడాది పొడవునా ఒకటి రెండు డిగ్రీలకు మించి మారదు. పగటికీ రాత్రికీ తేడా బాగా ఉంటుంది, జనవరికీ జులైకీ మాత్రం ఉండదు. ఆ కొండ మీద ప్రతి ఎత్తుకూ తనదైన వేడి ఉంటుంది. 1,000 మీటర్ల దగ్గరి సగటు వేడి ఏ నెలలోనూ 3,000 మీటర్ల దాకా ఎక్కదు, పైనున్న చలి ఏ నెలలోనూ అక్కడిదాకా దిగదు. అక్కడ పుట్టి పెరిగిన పురుగుకు గానీ కప్పకు గానీ వేరే వేడి తట్టుకోవాల్సిన అవసరం తరతరాలుగా రాలేదు, కాబట్టి ఆ శక్తీ ఒంట్లో నిలవలేదు. అలాంటి జీవికి నాలుగు వందల మీటర్ల ఎక్కుడు కూడా దాటరాని గోడే. గోడకు అటూ ఇటూ చిక్కుకున్నవి లక్షల ఏళ్ళలో వేర్వేరు జాతులవుతాయి.

ఇది వినసొంపైన ఊహగానే మిగిలిపోలేదు. ఇందాక మనం దిగిన ఈ తూర్పు వాలు వాగుల్లోని మేఫ్లై వంటి నీటి పురుగులను, కొలరాడోలోని రాకీ పర్వతాల వాగుల్లోని వాటి బంధువులతో పోల్చి పరిశోధకులు 2018లో ఫలితాలు ప్రచురించారు. ఈక్వెడార్ పురుగులు తట్టుకోగల వేడి పరిధి ఇరుకు. ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకు వాటి రాకపోకలూ తక్కువ. డీఎన్‌ఏ చూస్తే, కంటికి ఒకే జాతిగా కనిపించేవి నిజానికి ఎత్తును బట్టి విడిపోయిన అనేక జాతులని తేలింది. బస్సు అరగంటలో దాటే వాగుల కథ ఇది!

ఆ గోడల మధ్య జీవులు ఎంత ప్రత్యేకంగా తయారయ్యాయో హమ్మింగ్‌బర్డ్‌లు చెబుతాయి. ఈక్వెడార్‌లో ఇవే 130కి పైగా జాతులు. కనుమ చుట్టుపక్కల గడ్డిభూముల్ని స్థానికులు పారామో అంటారు. అక్కడ, చెట్టనేదే లేని చోట, హిల్‌స్టార్ అనే హమ్మింగ్‌బర్డ్ బతుకుతుంది. చుకిరాగువా అనే ముళ్ళపొద నారింజరంగు పూలే దానికి ప్రధాన ఆహారం. పలచటి గాలిలో రెక్కలాడిస్తూ నిలబడడం ఖర్చుతో కూడిన పని కనుక, ఇది తరచు పువ్వు పక్కనే వాలి, కొమ్మ పట్టుకుని తేనె తాగుతుంది. రాత్రి గడ్డ కట్టే చలిలో ఒళ్ళు చల్లబరచుకుని జడనిద్రలోకి జారుతుంది. ఆండీస్ హమ్మింగ్‌బర్డ్‌ల జడనిద్ర ఎంత లోతైనదో 2020లో పెరూలో కొలిస్తే, ఒక జాతి పక్షి ఒంటి వేడి 3.3 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది! పగలు దాదాపు 40 డిగ్రీలుండే ప్రాణి అది. తెల్లవారుజామున కండరాలు వణికించి మళ్ళీ వేడెక్కి, ఏమీ జరగనట్టు పూలమీదికి ఎగిరిపోతుంది. పక్షిలోకంలో నాకు దీన్ని మించిన ఆశ్చర్యం కనపడలేదు.

కనుమ దిగి మబ్బుల అడవిలోకి వస్తే కత్తిముక్కు హమ్మింగ్‌బర్డ్ ఉంటుంది. తోక వదిలేస్తే ఒంటికంటే ముక్కే పొడవు. ఈ ప్రపంచంలో అలాంటి పక్షి ఇదొక్కటే. గొట్టంలాంటి పొడవాటి ఝుమకా పూలలో అడుగునున్న తేనె దీనికే అందుతుంది, ఆ పూల పుప్పొడి మోసేదీ ఇదే. ముక్కు ఒంటికి తగలనంత పొడవు కాబట్టి ఈకలు దువ్వుకోవడానికి కాలి గోళ్ళే దిక్కు.

పారామో గురించి ఇంకొక్క మాట. అక్కడి నల్లటి అగ్నిపర్వత నేల వాననూ మంచుతేమనూ పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది. క్విటో ప్రజలు తాగే నీళ్ళలో అధికభాగం అంతిసానా, కయాంబె పర్వతాల చుట్టూ ఉన్న పారామోలదే. ఆ గడ్డి కాపాడడానికి నగరం 2000లోనే ఒక నీటినిధి ఏర్పాటు చేసింది. నీళ్ళు వాడేవాళ్ళ సొమ్ముతో నీళ్ళు పుట్టే చోటును కాపాడుకునే ఆ ఏర్పాటును మన నగరాలు శ్రద్ధగా చదవాలి.

ఎత్తుకూ మొక్కలకూ ఉన్న ఈ లంకెను బొమ్మ గీసి లోకానికి చూపించినవాడు జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్. 1802 జూన్‌లో ఆయన చింబొరాసో ఎక్కడానికి ప్రయత్నించాడు. శిఖరం అందలేదు. 6,263 మీటర్ల ఈ పర్వతం ఎవరెస్ట్ కంటే పొట్టే, కానీ భూమి నడుము దగ్గర ఉబ్బుగా ఉండడం వల్ల భూకేంద్రం నుంచి అత్యంత దూరంలో ఉన్న శిఖరం ఇదే. ఏ మొక్క ఎంత ఎత్తున పెరుగుతుందో ఆ పర్వతం బొమ్మ మీదే రాసి హంబోల్ట్ 1807లో ప్రచురించాడు. రెండు శతాబ్దాల తర్వాత శాస్త్రవేత్తలు అదే కొండెక్కి కొలిచి, మొక్కలు 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో ప్రకటించారు. నాలుగేళ్ళకు ఇంకో బృందం హంబోల్ట్ రాతప్రతులు జాగ్రత్తగా చదివింది. బొమ్మ చింబొరాసోదైనా, ఎత్తైన చోటి మొక్కల వివరాలు చాలావరకు అంతిసానా మీద సేకరించినవి. మన దారి పక్కన కనిపించే ఆ మంచుకొండే! అక్కడికి వెళ్ళి మళ్ళీ కొలిస్తే, జరిగిన దూరం 215 నుంచి 266 మీటర్లని తేలింది. లెక్క సగానికి తగ్గినా దిశ మారలేదు.

పైకి జరగడమే ఇప్పుడు ప్రమాదం. పెరూలో ఒక ఆండీస్ కొండమీద 1985లో లెక్కపెట్టిన పక్షులను 2017లో మళ్ళీ లెక్కపెడితే, చాలా జాతులు పైకి జరిగాయి. శిఖరం మీదే ఉండే కొన్ని జాతులు అసలు కనపడలేదు. ఎండాకాలం చూడని ఒంటికి ఒక డిగ్రీ పెరుగుదల కూడా పెద్దదే. వేడికి తోడు జబ్బులూ ఉన్నాయి. నల్లటి ఒళ్ళు, నారింజ పొట్ట ఉండే జంబాటో కప్ప ఒకప్పుడు క్విటో చుట్టుపక్కల ఎక్కడ చూసినా కనిపించేది. 1988 తర్వాత ఒక్కటీ దొరకలేదు. చర్మాన్ని తినే శిలీంధ్రం ఆండీస్ కప్పల్ని ఊడ్చేసిన కాలం అది. అంతరించిందనే అనుకున్నారు. 2016లో ఒక కొండపల్లె దగ్గర మళ్ళీ దొరికింది.

గలాపగోస్‌కు అన్యాయం చేయను. అక్కడి సముద్రపు ఇగ్వానాలు ఎల్ నీన్యో వచ్చి, వేడెక్కిన నీటిలో నాచు కరువైతే ఎముకతో సహా కుంచించుకుపోయి, మంచి రోజులు రాగానే మళ్ళీ పొడవు పెరుగుతాయి. చూసి తీరాల్సిన దీవులే. కానీ వాటికి కాపలా ఉంది, 1959 నుంచీ జాతీయ ఉద్యానం హోదా ఉంది, ప్రపంచం కళ్ళున్నాయి. తూర్పు వాలు మీద అన్ని కళ్ళు లేవు.

ఆ వాలు అడుగున, నాపో వెంట ఇంకా కిందికి పోతే యసుని అడవి వస్తుంది. అక్కడ ఒకే హెక్టారులో 655 చెట్ల జాతులు లెక్కకొచ్చాయి. దానికింద చమురుంది. 2023 ఆగస్టు 20న ఈక్వెడార్ ప్రజలు ఓటు వేసి, దాదాపు 59 శాతం ఓట్లతో, అందులోని ఒక క్షేత్రంలో చమురు నేలలోనే ఉండనివ్వాలని తీర్పిచ్చారు.

వేడి తరిమితే జీవులు పైకి పోవాలి, పోవడానికి దారి ఉండాలి. కింద అడవి, మధ్యలో పశువుల బీడు, పైన అడవి ఉంటే, ఇరుకు పరిధికి అలవాటుపడ్డ కప్ప ఆ బీడును దాటలేదు. అందుకే పాపల్యాక్తా దారికి ఉత్తరాన ఉన్న కయాంబె కోకా జాతీయ ఉద్యానం నాకు ఈ దేశంలో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. దాని ఒక కొస 600 మీటర్ల ఎత్తున వేడి అడవిలో ఉంది, ఇంకో కొస 5,790 మీటర్ల కయాంబె మంచు మీద. దారికి దక్షిణాన అంతిసానా రక్షిత ప్రాంతం ఉంది, తూర్పున సుమాకో జాతీయ ఉద్యానం ఉంది. ఈ మూడింటి మధ్య మిగిలిన అడవి చీలికలను తెగకుండా ఉంచితే, కింది జాతులకు ఎక్కడానికి ఐదు కిలోమీటర్ల నిలువు దారి ఇంకా ఉన్నట్టే.