ఎయిర్‌బ్రష్‌కు అల్ట్రాసోనిక్ క్లీనర్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఒక చిన్న గదిలో హెల్మెట్లకూ, బైకు ట్యాంకులకూ, స్కేలు మోడళ్లకూ (వాహనాల వంటి వాటి చిన్న నమూనాలు), చవితి ముందు వినాయక విగ్రహాల కళ్లకూ ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే, పెన్ను లాంటి పరికరం) రంగులు వేయడం నా వృత్తి. మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి సరదా కొద్దీ మోడళ్లు చేసుకునేవారు తమ ఎయిర్‌బ్రష్ మొరాయించినప్పుడు నా దగ్గరికి తెస్తుంటారు. ఈమధ్య అలా వస్తున్న వాటిలో, అల్ట్రాసోనిక్ క్లీనర్‌ను (నీటిలో అతి వేగమైన కంపనాలు పుట్టించి మురికిని వదిలించే చిన్న తొట్టె యంత్రం) సరిగ్గా వాడకపోవడం వల్ల పాడైనవి ఎక్కువగా కనిపిస్తున్నాయి. యంత్రం మంచిదే, నేనూ వాడతాను. అయితే చేత్తో చేయవలసిన పని అంతా పూర్తయిన తరువాత, బ్రష్షు అందని మూలల్లో మిగిలిన మురికిని తీయడానికి మాత్రమే వాడతాను.

అపోహ: ఎయిర్‌బ్రష్‌ను విప్పకుండా నీళ్లలో ముంచి మీట నొక్కితే లోపలి రంగంతా వచ్చేస్తుంది.

వాస్తవం: తొట్టె అడుగున అతికించిన పీజో బిళ్లలు (విద్యుత్ అందితే కంపించేవి) చాలా యంత్రాల్లో సెకనుకు 40,000 సార్లు కంపిస్తాయి. ఆ కంపనానికి నీటిలో కంటికి ఆనని బుడగలు పుట్టి, మరుక్షణమే కుప్పకూలుతాయి. అలా కూలినప్పుడు పుట్టే అతి సన్నని నీటి ధారలే లోహానికి అంటుకున్న మురికిని ఊడదీస్తాయి. అంటే నీరు తగలని చోట ఆ యంత్రం చేయగలిగింది ఏమీ లేదు. విప్పని ఎయిర్‌బ్రష్ కడుపులో గాలి చిక్కుకుని ఉంటుంది. పైగా ఊడిన రంగు నీటితో కలిసి రంగును అదుపు చేసే సూది చుట్టూ ఉండే ప్యాకింగ్ (రంగు వెనక్కి పోకుండా ఆపే చిన్న ఉంగరం) దాటి ట్రిగ్గర్ వైపు, గాలి వాల్వులోకి చేరితే, అక్కడే ఆరి గట్టిపడుతుంది. అప్పటిదాకా శుభ్రంగా ఉన్న భాగం కూడా అలా పాడవుతుంది.

విప్పిన భాగాలకూ ఈ జాగ్రత్త అవసరమే. 0.3 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నాజిల్‌ను (రంగు బయటికి వచ్చే సన్నని కొస) నేరుగా తొట్టెలో వేస్తే దాని లోపల ఒక గాలి బుడగ నిలిచిపోతుంది, బయట మెరుస్తుంది కానీ లోపల రంగు రంగుగానే ఉంటుంది. నేను ఒక చిన్న గాజు గ్లాసులో నీళ్లు పోసి, నాజిల్‌ను అందులో వేసి, బుడగ పైకి వచ్చేదాకా గ్లాసును వేలితో తట్టి, ఆ తరువాతే గ్లాసును తొట్టె నీళ్లలో నిలబెడతాను. గాజు గుండా కంపనం బాగా వెళ్తుంది, మెత్తటి ప్లాస్టిక్ డబ్బా మాత్రం దాన్ని చాలావరకు మింగేస్తుంది. సూదిని ఎప్పుడూ విడిగానే కడగాలి. కంపనంలో దాని మొన పక్కనున్న లోహానికి పదేపదే తగిలితే వంగుతుంది. నిజానికి సూదిని యంత్రంలో పెట్టవలసిన అవసరమే అరుదు, రంగు తీసే ద్రవంతో తడిపిన మెత్తటి గుడ్డతో వెనక నుంచి మొన వైపు తుడిస్తే సరిపోతుంది.

పూర్తిగా ఎండిన అక్రిలిక్ రంగును నీళ్లు కరిగించలేవు, యంత్రం ఒక్కటే దాన్ని ఊడదీయడమూ కష్టమే. మన దగ్గర మే నెలలో గదిలోనే రంగు నాజిల్ మొన మీద నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ఈ సమస్య మనకు మరీ ఎక్కువ. ముందుగా ఆ రంగును తీసే తగిన ద్రవంలో భాగాలను నానబెట్టి, మెత్తబడ్డాక సన్నని బ్రష్షుతో తీసి, చివర యంత్రంలో పెట్టాలి.

గత వేసవిలో ఒక కుర్రవాడు తెచ్చిన ఎయిర్‌బ్రష్ ఎంత కడిగినా రంగును చుక్కలుగా చిమ్ముతోంది. నాజిల్‌ను భూతద్దం కింద పెట్టి చూస్తే, కొస అంచున వెంట్రుక మందాన చీలిక కనిపించింది. బిగించేటప్పుడు పానా మీద బలం ఎక్కువ పడితే అలా చీలుతుంది. ఆ కుర్రవాడు మురికి మిగిలిందనుకుని పదిసార్లు యంత్రంలో వేశాడు. చీలిన నాజిల్‌నూ, వంగిన సూదినీ మార్చాలి తప్ప కడిగి ప్రయోజనం లేదు.

అపోహ: నీళ్లకు బదులు తొట్టెలో థిన్నర్ గానీ స్పిరిట్ గానీ పోస్తే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: ఈ ఒక్క మాట మాత్రం దయచేసి గట్టిగా గుర్తుంచుకోండి. మనం ఇళ్లలో వాడే ఈ యంత్రాలు మండే ద్రవాల కోసం తయారైనవి కావు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నుంచి లేచే ఆవిరి 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పంటుకోగలదు, అసిటోన్ అయితే సున్నాకు చాలా దిగువనే అంటుకుంటుంది. మన గదులు చలికాలపు మధ్యాహ్నం కూడా 12 డిగ్రీలకు దిగవు. కంపనం వల్ల ద్రవం వేడెక్కుతుంది, పొగమంచులా పైకి లేస్తుంది, కింద విద్యుత్ పరికరం ఉంటుంది, చాలా యంత్రాల్లో హీటరు కూడా ఉంటుంది. తలుపులు మూసిన గదిలో ఇవన్నీ ఒకచోట చేరితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. థిన్నర్‌తో తీయవలసిన రంగు ఉంటే, గాలి ఆడే చోట, యంత్రానికి దూరంగా, మూత ఉన్న గాజు సీసాలో నానబెట్టండి. తొట్టెలో నీళ్లూ, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలూ చాలు. ఓ-రింగులను (అతుకుల దగ్గర లీకు కాకుండా ఆపే గుండ్రటి రింగులు) థిన్నర్ తగలకముందే తీసి పక్కన పెట్టండి, మామూలు రబ్బరువి అయితే ఉబ్బిపోతాయి. అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్లు ఇత్తడిని తింటాయి, ఎయిర్‌బ్రష్ ఒడలు ఎక్కువగా ఇత్తడివే కాబట్టి వాటి జోలికి పోవద్దు.

అపోహ: బోరు నీళ్లతో కడిగితే కనిపించే తెల్లటి మచ్చ ఫ్లోరైడ్.

వాస్తవం: ఫ్లోరైడ్ మన జిల్లా ప్రజల ఎముకలనూ పళ్లనూ తిన్న మాట నిజమే, ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. కానీ లోహం మీద ఆరిన తెల్లటి పొర ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలది, అంటే నీటి కఠినత్వానిది. అది నాజిల్ లోపల పేరుకుంటే రంగు నిలకడగా రాదు. తొట్టెలోకి ఆర్వో నీళ్లు గానీ, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. చివరి కడుగుడుకూ అవే వాడండి. కొత్త నీళ్లు పోసినప్పుడు భాగాలు వేయకుండా ఐదు పది నిమిషాలు యంత్రాన్ని నడిపితే, నీటిలో కరిగి ఉన్న గాలి బయటికి పోయి, శుభ్రపరిచే శక్తి పెరుగుతుంది.

అపోహ: ఎంతసేపు ఉంచితే అంత శుభ్రం.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే అనుకుని, పాత ఎయిర్‌బ్రష్ ఒడలును అరగంట పైగా వదిలేశాను. తీసి చూస్తే, రంగు కప్పు అంచున ముందే చిన్న గీత పడిన చోట క్రోము పూత రేకుగా లేచి, కింద ఇత్తడి పచ్చగా బయటపడింది. అప్పటి నుంచి మూడు నాలుగు నిమిషాలకోసారి ఆపి, తీసి, వెలుతురుకు పెట్టి చూస్తున్నాను. రంగు పూసిన అల్యూమినియం పిడిని అసలు వేయను. ప్రతి భాగాన్నీ జాలి బుట్టలోనే ఉంచాలి, తొట్టె అడుగున నేరుగా పెడితే అడుగు రేకూ అరుగుతుంది, భాగమూ గీసుకుపోతుంది.

అల్ట్రాసోనిక్ అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన అది అదే అని నమ్మవద్దు, చవకవాటిలో కొన్ని మోటారుతో ఊరికే అదిరేవి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీళ్లలో నిలువుగా పట్టుకుని, వేళ్లు నీటిలో పడకుండా, ఒక నిమిషం నడపండి. దాని మీద సన్నని చిల్లులు పడితే నిజమైన అల్ట్రాసోనిక్, మడతలు కూడా చెదరకపోతే కాదు.

కడగడం పూర్తయ్యాక భాగాలను గాలితో ఆరబెట్టండి. సబ్బు నీళ్లతోపాటు నూనె కూడా పోయి ఉంటుంది కాబట్టి, ట్రిగ్గర్ కాండానికీ ప్యాకింగ్‌కూ ఎయిర్‌బ్రష్ లూబ్రికెంట్ ఒక్క చుక్క వేయండి. సూదిని లోపలికి దించే ముందు మొనను గోటి మీద తేలిగ్గా తిప్పి చూడండి, గీరినట్టు తగిలితే వంగినట్టే. నాజిల్‌ను ముందు వేళ్లతో బిగించి, ఆ తరువాత పానాతో రవ్వంత మాత్రమే తిప్పండి.