చేంతాడూ కాన్పు నొప్పులూ

"నొప్పులు వచ్చి ఆగి, వచ్చి ఆగి ఎందుకింత సాగదీస్తాయి? ఒక్క ఊపున వచ్చేస్తే కాన్పు అయిపోతుందిగా?" నెలలు నిండిన అమ్మాయిలు తరచూ అడిగే ప్రశ్న ఇది. చాలా మంచి ప్రశ్న. దీని జవాబు తెలిస్తే కాన్పు గదిలో నర్సు చెప్పే సగం మాటలకు కారణం బోధపడుతుంది.

బావిలో నీళ్లు తోడడం తలుచుకోండి. చేంతాడు ఒక మూర లాగుతాం, జారకుండా పట్టుకుంటాం, ఊపిరి తీసుకుని మళ్లీ లాగుతాం. గర్భసంచి కండరం చేసేదీ అదే. చేతి కండరం ముడుచుకున్నాక వదిలితే పాత పొడవుకు వచ్చేస్తుంది. ఇది మాత్రం పూర్తిగా వెనక్కి రాదు. ప్రతి నొప్పికీ కాస్త కురచవుతుంది, సడలాక కూడా ఆ కురచ అలాగే ఉంటుంది. అలా సంచి పైభాగం మందమవుతూ కింది భాగాన్ని పైకి లాగుతుంది. గర్భాశయ ముఖద్వారం ముందు పలచబడి, తర్వాత 10 సెంటీమీటర్ల దాకా తెరుచుకుంటుంది.

దొంగ నొప్పులంటే లాగిన తాడును మళ్లీ వదిలేయడం. పొట్ట గట్టిపడుతుంది గానీ ముఖద్వారం కదలదు. కాసేపు నడిచినా, పడుకున్నా తగ్గిపోతాయి. అసలు నొప్పులు ఏం చేసినా తగ్గవు, దగ్గరపడతాయి. పొట్ట పైభాగాన అరచెయ్యి ఆనించి చూడండి: ముక్కు కొసలా మెత్తగా తగిలితే బలం తక్కువ, గడ్డంలా ఉంటే మధ్యస్థం, నుదురులా ఉంటే గట్టి నొప్పి. వ్యవధిని ఒక నొప్పి మొదలు నుంచి తర్వాతి నొప్పి మొదలు దాకా లెక్కపెట్టాలి. తొలి కాన్పులో 5 నిమిషాలకొకటి, నిమిషం సేపు ఉంటూ, గంటపాటు అలాగే వస్తుంటే ఆసుపత్రికి బయల్దేరాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, ముందు కాన్పు ఆపరేషన్ అయినా ఈ లెక్కలు వద్దు, వెంటనే వెళ్లాలి.

ఇక విరామం సంగతి. కండరం బిగిసినప్పుడు దాని మధ్యగా మాయకు, అంటే తల్లి నుంచి బిడ్డకు ప్రాణవాయువు అందించే ప్లాసెంటాకు, వెళ్లే రక్తనాళాలూ నొక్కుకుపోతాయి. గట్టి నొప్పి మధ్యలో ఆ ప్రవాహం దాదాపు ఆగిపోతుంది. బిడ్డకు ప్రాణవాయువు బాగా అందేది నొప్పికీ నొప్పికీ మధ్యే. అందుకే 10 నిమిషాల్లో 5 కంటే ఎక్కువ నొప్పులు వస్తే ప్రమాదం. ఇంటి దగ్గర "నొప్పుల సూది" వేయించుకోవద్దని అంత గట్టిగా చెప్పేదీ ఇందుకే. ఆసుపత్రిలో నొప్పులు తెప్పించే మందు ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఇస్తారు, ఎక్కువైతే ఆపేస్తారు. కండలోకి వేసిన సూదిని వెనక్కి తీయలేం. బిడ్డ తల అడ్డం పడి ఉంటే? చేద ఒరకు ఇరుక్కున్నప్పుడు బలం కొద్దీ లాగితే తాడు తెగుతుంది. ఇక్కడ తెగేది గర్భసంచి. పైనుంచి పొట్ట నొక్కడమూ మంచిది కాదు.

ఆ విరామం తల్లికీ అవసరమే. భుజాలు వదులు చేసి, గుక్కెడు నీళ్లు తాగి, డాక్టరు వద్దనకపోతే ఇడ్లీ ముక్క తినాలి. 2 గంటలకోసారి మూత్రానికి వెళ్లాలి. మూత్రాశయం నిండితే తల దిగదు. నొప్పి వస్తున్నప్పుడు తోడున్నవాళ్లు నడుం కింద అరచేతి మడమతో గట్టిగా ఒత్తి పట్టుకుంటే హాయిగా ఉంటుంది. ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కితే దాని అంచు వాచి దారి ఇంకా బిగుస్తుంది. అప్పుడు దీపం ఊదినట్టు చిన్న చిన్నగా ఊపిరి వదలాలి.

బిడ్డ బయటపడ్డాకా గర్భసంచి ఆ చేంతాడు పట్టు వదలకూడదు. సంచి ముడుచుకుంటుంది, మాయ ముడుచుకోలేదు, కాబట్టి గోడ నుంచి ఊడివస్తుంది. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. మాయ ఊడిన చోట తెరుచుకున్న నాళాలను మూసేది వాటి చుట్టూ నులకలా అల్లుకున్న ఈ కండరమే. బిడ్డ పుట్టిన నిమిషంలో 10 యూనిట్ల ఆక్సిటోసిన్ తొడకు వేసేది ఆ పట్టు జారకుండా. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, ఎండన పెడితే పస తగ్గుతుంది.

"చెడు రక్తం పోనీ" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. చెడు రక్తమంటూ ఏదీ లేదు. ప్యాడ్ గంటలోపే పూర్తిగా తడిసినా, బొడ్డు దగ్గర బంతిలా గట్టిగా తగలాల్సిన సంచి మెత్తగా ఉన్నా వెంటనే నర్సును పిలవాలి. బిడ్డ పాలు తాగుతుంటే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, రెండో కాన్పులో ఇంకా ఎక్కువ. అది ఆ కండరం ఇంకా లాగుతున్న నొప్పే. కాన్పు రోజున కిలో దాకా ఉన్న సంచి ఆరు వారాలకు 100 గ్రాముల లోపుకు వచ్చేది అలాగే.