కుంట కట్టను వెనుక నుంచి చూడాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో సొంత భూమిలో కుంట తవ్వుకుని, ఆ మట్టితోనే కట్ట పోసుకున్న రైతులు చాలామంది ఉన్నారు. 2021 డ్యామ్ భద్రతా చట్టం వీటి దాకా రాదు. 15 మీటర్లు దాటిన ఆనకట్టలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటిలో కొన్నింటికే అది వర్తిస్తుంది. కాబట్టి చిన్న కట్టకు ఇంజనీరైనా, కాపలాదారైనా దాని యజమానే. ఆయన కుంటకు పోతే నీళ్లెన్ని ఉన్నాయో చూసి వస్తాడు. కట్ట సంగతి తెలిసేది మాత్రం నీళ్లు లేని వెనుక వైపు, కట్ట నేలను తాకే చోట.

మట్టి కట్ట నీటిని పూర్తిగా ఆపదు. కొంత జాలు వస్తూనే ఉంటుంది. తేటగా, ఎప్పటిలాగే వస్తుంటే భయం లేదు. మసకగా వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టే. మట్టి పోయిన చోట సందు పడుతుంది, సందులో నీటి వేగం పెరుగుతుంది, ఆ వేగం ఇంకా మట్టిని లాగుతుంది. ఇలా వెనుక నుంచి ముందుకు తొలుచుకుంటూ పోయిన బుంగ కుంట నీటిని అందుకుందంటే ఇక గంటల్లోనే గండి. 1976 జూన్ 5న అమెరికాలోని ఇడాహోలో 93 మీటర్ల టీటన్ డ్యామ్‌కు ఇదే జరిగింది. పొద్దున బురద నీళ్లు కనిపించాయి, రంధ్రం పూడ్చబోయిన బుల్డోజర్లు అందులోకే జారిపోయాయి, మధ్యాహ్నం కాకముందే డ్యామ్ తెగింది. 11 మంది చనిపోయారు.

జాలు నీటిని గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే ప్రమాదమే. సీసా నిండటానికి ఎంతసేపు పట్టిందో, ఆ రోజు కుంటలో నీటి మట్టం ఎంతో నోట్‌బుక్‌లో రాసుకోండి. అదే మట్టంలో సీసా ముందుకంటే తొందరగా నిండుతుంటే ఆలస్యం చేయొద్దు, నీటిపారుదల ఇంజనీరును పిలిపించండి.

అన్నింటికంటే నన్ను టెన్షన్ పెట్టేది కట్టను కోసి వేసే మోటారు పైపు. గుండ్రటి పైపు కింది మట్టిని దిమ్మిసతో ఎంత కొట్టినా సరిగా గట్టిపడదు. నీళ్లు పైపును పట్టుకునే బయటికొస్తాయి. కట్ట మీదుగా వేస్తే పైపు కొంచెం పొడవవుతుంది, అంతే.

సర్కారు తుమ్మను మొలకప్పుడే పీకేయాలి. పెద్ద చెట్టును నరికి వదిలేస్తే వేర్లు కుళ్లి నీటికి దారులవుతాయి. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొక్కలను తవ్వి, తడి మట్టి వేసి పొరలు పొరలుగా కుదించాలి. గరిక ఉండనివ్వండి, అది మట్టిని పట్టి ఉంచుతుంది. ఇవన్నీ మృగశిర కార్తెకు ముందే అయిపోవాలి.

కుంట నిండాక అదనపు నీళ్లు పొర్లిపోయే మత్తడికి అడ్డంగా చేపల వల కట్టడం, ఇంకో అడుగు నీళ్లు ఆగుతాయని ఇసుక బస్తాలు పేర్చడం మన దగ్గర మామూలైపోయింది. దయచేసి మానుకోండి. వరద మత్తడి మీదుగా పోలేకపోతే కట్ట మీదుగా పోతుంది, అప్పుడు వెనుక వాలు కోసుకుపోతుంది.

ఎప్పుడైనా బురద నీళ్లు ఉబికితే ముందు కింది పొలాల వాళ్లకు ఫోన్ చేయండి. ఉబికే చోట బంకమట్టి కొట్టి మూయొద్దు, నీళ్లు ఇంకో చోట తన్నుకొస్తాయి. దాని మీద ముతక ఇసుక, ఆపైన కంకర పోస్తే నీళ్లు వస్తాయి, మట్టి ఆగుతుంది. తూము తెరిచి మట్టం దించండి. గండి పడేలా లేకపోతే మెల్లగానే దించాలి. నీళ్లు ఒక్కసారిగా తగ్గితే నానిన ముందు వాలు జారి కుంటలో పడుతుంది.